రికవరీ ఏజెంటుతో సెటిల్‌మెంట్: సంఖ్య కన్నా ముందు చూడాల్సినవి

క్రెడిట్ కార్డు బిల్లు కట్టడం ఆగిపోయాక వచ్చే ఫోన్లకు ఒక వరస ఉంటుంది. మొదటి నెల మర్యాదగా గుర్తుచేస్తారు. రెండో నెల గొంతు గట్టిపడుతుంది. మూడు నాలుగు నెలలు దాటాక లాయర్ నోటీసు వస్తుంది, ఇంటికి మనిషి వస్తాడు. ఆ తర్వాత ఉన్నట్టుండి ఒకరోజు అదే గొంతు మెత్తబడుతుంది. "సార్, మీ కేసు గురించి మా మేనేజర్‌తో స్పెషల్‌గా మాట్లాడాను. రెండు లక్షల పదకొండు వేలకు గాను తొంభై వేలు కట్టండి, క్లోజ్ చేసేద్దాం. కాకపోతే సాయంత్రం ఆరులోపు కట్టాలి."

ఈ మాట విని కొందరు సగం అప్పు మాఫీ అయిపోయిందని సంబరపడతారు. ఇంట్లో బంగారం కుదువపెట్టి ఆ సాయంత్రమే డబ్బు పంపేస్తారు. ఇంకొందరు ఇదంతా మోసమనుకుని నంబరు బ్లాక్ చేసేస్తారు. ఆ ఆఫర్ చాలాసార్లు నిజమైనదే. దాని వెనక బ్యాంకు పుస్తకాల లెక్క ఒకటి, ఏజెంటు కమిషన్ లెక్క ఒకటి ఉంటాయి. అవి తెలియకుండా డబ్బు పంపితే తొంభై వేలూ పోయి, బాకీ కూడా అలాగే మిగిలిపోయే ప్రమాదం ఉంది. ఆ డబ్బుతో నిజంగా మనం కొనుక్కుంటున్నది బ్యాంకు ఇచ్చే ఒక సెటిల్‌మెంట్ ఉత్తరం. అది చేతికి రాకుండా ఎంత తగ్గించినా తగ్గించినట్టు కాదు.

ఇక్కడ మాట్లాడుతున్నది తాకట్టు లేని అప్పుల గురించే. అంటే క్రెడిట్ కార్డు, పర్సనల్ లోన్ లాంటివి. ఇల్లు తనఖా పెట్టిన లోనుకు సర్ఫేసీ చట్టం వర్తిస్తుంది, కోర్టుకు వెళ్లకుండానే ఆస్తి స్వాధీనం చేసుకునే దారి బ్యాంకుకు ఉంటుంది. ఆ కథ వేరు.

బాకీ ఎలా ఉబ్బుతుంది

ఊహించిన లెక్క ఒకటి వేసి చూద్దాం. వాడుకున్న అసలు 1,20,000 రూపాయలు. కార్డు వడ్డీ నెలకు 3.6 శాతం. కార్డు వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ కూడా పడుతుంది. నెలకు వడ్డీ 4,320, దాని మీద జీఎస్టీ 778, రెండూ కలిపి దాదాపు 5,100. పద్నాలుగు నెలలకు 71,000 దాటుతుంది. నెలనెలా లేట్ ఫీజు 1,200, దాని మీదా జీఎస్టీ కలిపితే ఇంకో 19,800. మొత్తం 2,11,000 పైచిలుకు. ఇది వడ్డీ మీద వడ్డీ వేయకుండా చూసిన లెక్క. వేస్తే ఇంకా పెరుగుతుంది.

అంత వడ్డీ న్యాయమా అనే ప్రశ్న ఉంది. 30 శాతానికి మించి వార్షిక వడ్డీ వసూలు చేయడం అనుచిత వ్యాపార పద్ధతి అని జాతీయ వినియోగదారుల కమిషన్ 2008లో చెప్పింది. 2024 డిసెంబరు 20న సుప్రీంకోర్టు ఆ తీర్పును పక్కన పెట్టేసింది. కాబట్టి "ఇంత వడ్డీ చెల్లదు" అని ఏజెంటుతో వాదించి లాభం లేదు.

లాభం ఉన్న వాదన వేరే ఉంది. ఆర్‌బీఐ 2022 ఏప్రిల్‌లో ఇచ్చిన కార్డుల ఆదేశాల ప్రకారం లేట్ ఫీజు, వడ్డీ గడువు తర్వాత కట్టకుండా మిగిలిన మొత్తం మీదే లెక్కకట్టాలి, బిల్లు మొత్తం మీద కాదు. కట్టని ఫీజులను, పన్నులను అసలులో కలిపి వాటి మీద మళ్లీ వడ్డీ వేయకూడదు. అందుకని బేరానికి ముందు బ్యాంకును ఈమెయిల్‌లో అడగాల్సింది విడివిడి లెక్క: అసలు ఎంత, వడ్డీ ఎంత, ఫీజులు ఎంత, పన్ను ఎంత. "2,11,000 బాకీ" అని వింటే భయం వేస్తుంది. "1,20,000 అసలు, మిగతాదంతా పైన పెరిగింది" అని కాగితం మీద చూస్తే బేరం ఎక్కడ మొదలుపెట్టాలో తెలుస్తుంది.

బ్యాంకు ఎందుకు తగ్గుతుంది

జాలితో తగ్గదు. స్టేట్‌మెంట్‌లో ఇచ్చిన గడువు నుంచి 90 రోజుల్లోగా మినిమమ్ డ్యూ (ఆ బిల్లుకు కనీసం కట్టాల్సిన మొత్తం) పూర్తిగా కట్టకపోతే కార్డు ఖాతా ఎన్‌పీఏ అవుతుంది, అంటే మొండి బాకీల్లో పడుతుంది. ఆ రోజు నుంచి బ్యాంకు తన లాభంలోంచి కొంత డబ్బు ఆ బాకీ కోసం పక్కన పెట్టాలి. తాకట్టు లేని అప్పుకు మొదటి పన్నెండు నెలలు 25 శాతం. పన్నెండు నెలలు దాటితే అది 'సందేహాస్పద' వర్గంలోకి వెళ్తుంది, అప్పుడు తాకట్టు లేని భాగానికి 100 శాతం పక్కన పెట్టాలి. బ్యాంకులు కాని ఫైనాన్స్ కంపెనీలకు మొదటి ఏడాది శాతం వేరు, ఆలోచన మాత్రం ఇదే.

దీన్ని మామూలు మాటల్లో చెప్పుకుంటే, కట్టడం ఆపిన సుమారు పదిహేను నెలలకు మీ బాకీని బ్యాంకు తన పుస్తకాల్లో పూర్తిగా నష్టం కింద చూసేసుకుని ఉంటుంది. ఆ తర్వాత మీరు ఇచ్చే ప్రతి రూపాయీ దానికి లాభంగానే కనిపిస్తుంది. అందుకే నాలుగో నెలలో 10 శాతం కూడా తగ్గనని భీష్మించిన బ్యాంకే పదహారో నెలలో సగానికి ఒప్పుకోవడం వింత కాదు. ఈ దశలో చాలా బ్యాంకులు బాకీని 'రైటాఫ్' చేస్తాయి. ఆ మాట విని అప్పు పోయిందనుకునేవాళ్లు చాలామంది. రైటాఫ్ అంటే మాఫీ కాదు. అది బ్యాంకు పద్దుల సర్దుబాటు మాత్రమే, వసూలు చేసే హక్కు అలాగే ఉంటుంది. కొన్నిసార్లు ఇలాంటి బాకీలను గుత్తగా అసెట్ రీకన్‌స్ట్రక్షన్ కంపెనీలకు, అంటే మొండి బాకీలు కొని వసూలు చేసుకునే సంస్థలకు, అమ్మేస్తారు. అప్పుడు బేరం ఆ కంపెనీతోనే చేయాలి, బ్యాంకుకు డబ్బు కట్టినా ఉపయోగం ఉండదు. బాకీ తమకు బదిలీ అయిందని చూపే ఉత్తరం ముందు వాళ్లు ఇవ్వాలి.

ఏజెంటు లెక్క ఇంకోటి. ఏజెన్సీకి దక్కేది వసూలైన డబ్బులో కమిషన్. వాళ్లకు నెల టార్గెట్లుంటాయి. 'బకెట్లు' అని పిలుస్తారు: ముప్పై రోజుల బాకీ ఒక బకెట్, అరవై రోజులది ఇంకోటి, ఇలా. నెలాఖరున, ముఖ్యంగా మార్చిలో, ఆఫర్లు ఎక్కువగా వినబడటానికి కారణం అదే. "ఈ సాయంత్రంతో అయిపోతుంది" అన్న ఆఫర్ వచ్చే నెలాఖరున చాలావరకు మళ్లీ వస్తుంది, ఒక్కోసారి ఇంకాస్త మెరుగ్గా.

అలాగని ఊరికే పదిహేను నెలలు ఆగిపోండి అని నేను చెప్పడం లేదు. ఆ కాలమంతా వడ్డీ పెరుగుతుంది, క్రెడిట్ రిపోర్టు నెలనెలా పాడవుతుంది, సివిల్ కోర్టులోనో ఆర్బిట్రేటర్ (మధ్యవర్తి) దగ్గరో కేసు పడొచ్చు. ఉద్యోగం ఉండి, ఈఎమ్ఐగా మార్చుకుంటే కట్టగలిగే స్థితి ఉంటే, ఎన్‌పీఏ కాకముందే బ్యాంకును అడిగి బాకీని తక్కువ వడ్డీ వాయిదాల్లోకి మార్చుకోవడం సెటిల్‌మెంట్ కన్నా మంచి దారి. సెటిల్‌మెంట్ అనేది పూర్తిగా కట్టే దారి నిజంగా మూసుకుపోయినవాళ్లకు. ఉద్యోగం పోయినవాళ్లు, ఆసుపత్రి ఖర్చుల్లో మునిగినవాళ్లు, వ్యాపారం దెబ్బతిన్నవాళ్లు. కట్టే శక్తి ఉండి కూడా డిస్కౌంట్ కోసం ఎగ్గొట్టేవాళ్లు తర్వాత ఇంటి లోను అడిగినప్పుడు ఆ డిస్కౌంటుకు కొన్ని రెట్లు చెల్లిస్తారు.

తలుపు తట్టే మనిషి

పశువుల సంతలో దళారి ఎంత గట్టిగా ధర చెప్పినా చివరికి తల ఊపాల్సింది ఆసామి. రికవరీ ఏజెంటు కూడా అంతే. సెటిల్‌మెంట్ మొత్తాన్ని ఆమోదించే అధికారం అతనికి లేదు. మీ మాట బ్యాంకుకు పంపుతాడు, అక్కడ తమ పాలసీ ప్రకారం ఎవరికి అధికారం ఉందో వాళ్లు 'అప్రూవల్' ఇస్తారు. ఇలాంటి రాజీలకు ప్రతి బ్యాంకూ బోర్డు ఆమోదించిన పాలసీ పెట్టుకోవాలని 2023 జూన్ 8న ఆర్‌బీఐ ఆదేశించింది. కాబట్టి ఏజెంటు నోటిమాట మీద ఒక్క రూపాయి కూడా కదలకూడదు. అతని మీద అరవాల్సిన పనీ లేదు. మర్యాదగా "మీరు చెప్పిన అంకె బ్యాంకు లెటర్‌హెడ్ మీద రావాలి, వచ్చాక మాట్లాడదాం" అంటే సరిపోతుంది.

అతనికి ఉన్న హద్దులు కూడా తెలిసి ఉండాలి. ఉదయం 8కి ముందు, రాత్రి 7 తర్వాత బాకీ కోసం ఫోన్ చేయకూడదని ఆర్‌బీఐ 2022 ఆగస్టులో స్పష్టంగా చెప్పింది. బెదిరించడం, నలుగురిలో పరువు తీయడం, కుటుంబ సభ్యులు, స్నేహితుల జోలికి వెళ్లడం, సోషల్ మీడియాలో, ఫోన్లో తప్పుడు మెసేజీలు పెట్టడం, ఏవీ కుదరవు. 2008 నాటి ఆర్‌బీఐ మార్గదర్శకాల ప్రకారం ఇంటికి వచ్చే ఏజెంటు దగ్గర గుర్తింపు కార్డు, బ్యాంకు ఇచ్చిన అధికార పత్రం ఉండాలి. ఏ ఏజెన్సీకి కేసు అప్పగించిందో బ్యాంకు ముందే మీకు చెప్పాలి. వసూళ్లకు కండబలం వాడటం తప్పని 2007లో ప్రకాశ్ కౌర్ కేసులో సుప్రీంకోర్టు కూడా చెప్పింది.

ఆ 2008 మార్గదర్శకాల్లో చాలామందికి తెలియని నిబంధన ఇంకోటి ఉంది. లెక్క తప్పనో, వేధింపులనో మీరు బ్యాంకుకు ఫిర్యాదు ఇచ్చి ఉంటే, దాన్ని తేల్చేవరకు కేసును రికవరీ ఏజెన్సీకి పంపకూడదు. పనిగట్టుకుని పదేపదే ఉత్తుత్తి ఫిర్యాదులు చేస్తున్నారని బ్యాంకు దగ్గర ఆధారాలుంటే తప్ప. అందుకే ఫిర్యాదు ఫోన్లో కాక ఈమెయిల్‌లో ఉండాలి, ఫిర్యాదు నంబరు చేతిలో ఉండాలి. 30 రోజుల్లో బ్యాంకు సమాధానం ఇవ్వకపోయినా, ఇచ్చిన సమాధానం నచ్చకపోయినా బ్యాంకుల మీద ఫిర్యాదులు తేల్చే ఆర్‌బీఐ అంబుడ్స్‌మన్‌కు ఆన్‌లైన్‌లో ఫిర్యాదు చేయొచ్చు. ఖర్చేమీ ఉండదు. 14448కి ఫోన్ చేసి సాయం అడగొచ్చు.

"పోలీసులొస్తున్నారు, అరెస్టు వారెంట్ రెడీ అయింది" అనే బెదిరింపు సంగతి. బాకీ కట్టలేకపోవడం సివిల్ వ్యవహారం, దానికి పోలీసులు అరెస్టు చేయరు. అయితే ఇక్కడ కొన్ని మినహాయింపులు నిజంగానే ఉన్నాయి. తప్పుడు కాగితాలతో అప్పు తీసుకుంటే అది మోసం కేసు. ఇచ్చిన చెక్కు బౌన్స్ అయితే నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 138వ సెక్షన్ కింద క్రిమినల్ కేసు. ఖాతా నుంచి ఆటోమేటిక్‌గా తీసుకునే వాయిదా బౌన్స్ అయినా 2007 నాటి పేమెంట్ అండ్ సెటిల్‌మెంట్ సిస్టమ్స్ చట్టం 25వ సెక్షన్ కింద అలాంటి కేసే పెట్టొచ్చు. ఈ విషయానికి బేరం దగ్గర మళ్లీ వస్తాను.

మన దగ్గర ఈ వేధింపుల చరిత్ర చిన్నదేమీ కాదు. సూక్ష్మరుణ సంస్థల వసూళ్ల తీరు మీద 2010 అక్టోబరులో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఏకంగా ఆర్డినెన్స్ తెచ్చింది. పదేళ్లకు, 2020 చివర్లో, లోన్ యాప్‌ల వేధింపులతో తెలంగాణలో ఆత్మహత్యలు జరిగాయి. ఫోన్లోని కాంటాక్టులందరికీ మార్ఫింగ్ ఫొటోలు పంపే ఆ యాప్‌ల వాళ్లతో సెటిల్‌మెంట్ బేరం ఆడకూడదు. వాళ్ల మీద నేరుగా 1930కి ఫోన్ చేసి సైబర్ క్రైమ్ ఫిర్యాదు ఇవ్వడమే దారి. కట్టినకొద్దీ ఇంకా అడుగుతారు.

ఇంకో మాట. కొడుకు అమెరికాలోనో దుబాయ్‌లోనో ఉంటాడు, ఇక్కడ వదిలేసిన కార్డు బాకీ కోసం గుంటూరులోనో కరీంనగర్‌లోనో ఉన్న తండ్రి తలుపు తడతారు. ఆ తండ్రి సహ రుణగ్రహీతగానో హామీదారుగానో సంతకం పెట్టి ఉంటే తప్ప ఆయనకు ఆ బాకీతో చట్టపరంగా సంబంధం లేదు. పరువుకు భయపడి పెన్షన్ డబ్బులోంచి ఇచ్చేయడం వల్లే ఈ పద్ధతి ఇంకా నడుస్తోంది.

బేరం ఎక్కడ మొదలుపెట్టాలి

ముందు మీ దగ్గర ఎంత ఉందో తేల్చుకోవాలి. వాళ్లు ఎంత అడుగుతున్నారన్నది ఆ తర్వాతి సంగతి. సెటిల్‌మెంట్ కోసం ఇంకో యాప్‌లో 30 శాతం వడ్డీకి అప్పు తీసుకోవడమంటే గోతిలోంచి లేచి ఇంకో గోతిలో పడటమే. కుటుంబం నుంచి వడ్డీ లేకుండా దొరికేది, అమ్మగలిగే వస్తువు, పీఎఫ్‌లో నిబంధనల ప్రకారం తీసుకోగలిగేది, ఇవి లెక్కలోకి వస్తాయి. పీఎఫ్ డబ్బును అప్పులవాళ్లు జప్తు చేయలేరు, చట్టం దానికి రక్షణ ఇచ్చింది. అందుకని దాన్ని ఆఖరి వనరుగానే చూడాలి.

తర్వాత బ్యాంకుకు ఒక ఈమెయిల్. ఎందుకు కట్టలేకపోయారో నాలుగు వాక్యాల్లో, ఆధారాలతో: ఉద్యోగం తీసేసిన ఉత్తరమో, డిశ్చార్జ్ సమ్మరీనో. ఎంత ఒకేసారి కట్టగలరో, ఎప్పటిలోగా కట్టగలరో. ఇది ఏజెంటుకు కాకుండా బ్యాంకు ఫిర్యాదుల విభాగానికి, నోడల్ అధికారికి (ఫిర్యాదులకు బాధ్యుడైన అధికారికి) వెళ్లాలి. ఆమోదించే మనిషి ముందు ఫైల్లో కనపడేది ఈ కాగితమే. ఏజెంటు ఫోన్లో విన్న మీ కష్టం అక్కడిదాకా వెళ్లదు.

మొదటి అంకె ఎంత చెప్పాలన్నదానికి అందరికీ సరిపోయే సూత్రం లేదు. మన ఊహా ఉదాహరణలో అసలు 1,20,000. ఇప్పటికే మినిమమ్ డ్యూలుగా కట్టినదాంట్లో వడ్డీకే పోయింది ఎంతో చూపించి, అసలులో సగం దగ్గర మొదలుపెట్టడం తప్పేమీ కాదు. వాళ్లు "అసలు మొత్తం కట్టండి, వడ్డీ వదిలేస్తాం" అంటారు. మధ్యలో ఎక్కడో తేలుతుంది. ఒకేసారి కట్టేవాళ్లకు ఎక్కువ తగ్గింపు దొరుకుతుంది, వాయిదాలడిగితే తగ్గింపు పడిపోతుంది. సెటిల్‌మెంట్ మొత్తం కట్టడానికి గడువు మూడు నెలలు దాటితే దాన్ని రాజీగా కాక రుణ పునర్వ్యవస్థీకరణగా చూడాలని ఆర్‌బీఐ 2023 ఆదేశం చెబుతోంది. బ్యాంకులు మూడు వాయిదాలకు మించి ఒప్పుకోకపోవడానికి ఇదో కారణం.

చెక్కుల విషయం ఇక్కడే. వాయిదాల సెటిల్‌మెంట్‌కు ముందు తేదీలు వేసిన చెక్కులు ఇవ్వమంటారు. చేతిలో డబ్బు ఖాయంగా లేకుండా ఇవ్వొద్దు. అప్పటిదాకా సివిల్‌గా ఉన్న బాకీ ఆ చెక్కు బౌన్స్ అయి, నోటీసు వచ్చాక కూడా కట్టకపోతే క్రిమినల్ కేసుగా మారొచ్చు. రెండేళ్ల వరకు జైలు, చెక్కు మొత్తానికి రెట్టింపు వరకు జరిమానా, లేదా రెండూ పడే అవకాశం ఉన్న సెక్షన్ అది.

జీతం పడే ఖాతా, కార్డు ఒకే బ్యాంకులో ఉన్నాయా? ఉంటే జాగ్రత్త. ఒప్పందంలో ఉన్న హక్కు కింద బ్యాంకు మీ పొదుపు ఖాతాలోని డబ్బును బాకీకి సర్దుకునే వీలుంది. బేరం నడుస్తుండగా ఒకటో తారీఖున జీతం మాయమై లబోదిబోమన్నవాళ్లున్నారు. జీతం వేరే బ్యాంకుకు మార్చుకోవడం చట్టవిరుద్ధమేమీ కాదు.

"మంచి మనసు చూపించడానికి ఓ రెండు వేలు వేయండి" అనే మాట కూడా వస్తుంది. దీని వెనక కాలపరిమితి చట్టం ఉంది. ఇలాంటి బాకీకి కోర్టులో దావా వేయడానికి సాధారణంగా మూడేళ్ల గడువు. గడువులోపల మీరు బాకీ ఉన్నట్టు సంతకంతో రాసిచ్చినా, కొంత కట్టి దానికి మీ చేతిరాతో సంతకమో ఆధారంగా ఉన్నా, ఆ మూడేళ్లు మళ్లీ మొదటి నుంచి లెక్క. గడువు పూర్తిగా దాటిపోయాక కూడా కడతానని కొత్తగా రాసి సంతకం పెడితే, కాంట్రాక్టు చట్టం 25వ సెక్షన్ కింద అది చెల్లే ఒప్పందమే. నాలుగేళ్ల కిందటి బాకీ కోసం ఫోనొస్తే, ఏదైనా కట్టేముందు, రాసిచ్చేముందు ఒక లాయరుకు కాగితాలు చూపించడం ఖర్చుకు తగిన పని. గడువు దాటితే కోర్టు దారి మూసుకుపోతుంది గానీ, అప్పు అప్పుగానే ఉంటుంది, క్రెడిట్ రిపోర్టులోనూ ఉంటుంది.

ఆర్నెల్లు కట్టడం ఆపేయండి, మేం చూసుకుంటాం, ఫీజు ఇంత అనే 'సెటిల్‌మెంట్ సంస్థలు' ఈమధ్య ఎక్కువయ్యాయి. వాళ్లు రాసే ఈమెయిల్ మీరూ రాయగలరు. ముందే ఫీజు అడిగేవాళ్లను నేనైతే నమ్మను.

లోక్ అదాలత్ నోటీసు వస్తే మాత్రం కంగారు పడొద్దు, వెళ్లండి. కేసు పడకముందే రాజీ కోసం పిలవడం మామూలే. అక్కడ మీరు ఒప్పుకుంటేనే రాజీ, ఒప్పుకోకపోతే లేచి రావచ్చు. ఒప్పుకుంటే అక్కడ ఇచ్చే అవార్డుకు (రాజీ ఉత్తర్వుకు) సివిల్ కోర్టు డిక్రీతో, అంటే తీర్పుతో, సమానమైన విలువ, దాని మీద అప్పీలు లేదు. బ్యాంకు తర్వాత మాట మార్చలేదు, అది మీకు లాభం. మీరు కూడా మార్చలేరు, కాబట్టి కట్టలేని అంకెకు మొహమాటానికి సంతకం పెట్టకూడదు. డిక్రీ వచ్చి జీతం జప్తు దాకా వెళ్లినా మొత్తం జీతం తీసుకోరు. సివిల్ ప్రొసీజర్ కోడ్ 60వ సెక్షన్ ప్రకారం మొదటి వెయ్యి రూపాయలు, మిగతాదాంట్లో మూడింట రెండు వంతులు మీకే ఉంటాయి.

ఆ ఉత్తరంలో ఏముండాలి

బ్యాంకు లెటర్‌హెడ్ మీద, తేదీతో, అధికారి పేరు, హోదాతో రావాలి. బ్యాంకు అధికారిక ఈమెయిల్ నుంచి వస్తే ఇంకా మంచిది. వాట్సాప్‌లో వచ్చిన పీడీఎఫ్ అయితే కస్టమర్ కేర్‌కు, నోడల్ అధికారికి పంపి "ఇది మీరిచ్చిందేనా" అని రాతపూర్వకంగా ధ్రువీకరించుకోవాలి. నకిలీ సెటిల్‌మెంట్ ఉత్తరాలు తయారుచేయడం ఎవరికీ కష్టం కాదు.

కార్డు లేదా లోన్ నంబరు, ఆ రోజుకు మొత్తం బాకీ, సెటిల్‌మెంట్ మొత్తం, కట్టాల్సిన తేదీలు స్పష్టంగా ఉండాలి. వీటన్నిటికన్నా ముఖ్యమైన వాక్యం ఒకటుంది: ఈ మొత్తం అందాక మిగతా బాకీ వదిలేస్తున్నాం, ఈ ఖాతా మీద ఇకపై ఎలాంటి క్లెయిమూ ఉండదు అనేది. 'ఫుల్ అండ్ ఫైనల్' అనే మాట అందులో ఉండాలి. అది లేకుండా "మీ 90,000 చెల్లింపును స్వీకరిస్తాం" అని మాత్రమే రాసి ఉంటే అది రసీదు, సెటిల్‌మెంట్ కాదు. ఒక వాయిదా తప్పితే ఏమవుతుందో కూడా చదవాలి. చాలా ఉత్తరాల్లో ఒక్క వాయిదా తప్పినా ఆఫర్ రద్దయి, కట్టిందంతా పాత బాకీలో జమ అవుతుందని ఉంటుంది. మూడో వాయిదా దగ్గర తడబడి మొత్తం పోగొట్టుకునేది ఇక్కడే. ఈ నెల కట్టగలం, వచ్చే నెల చూద్దాం అనే పరిస్థితి ఉంటే వాయిదాల సెటిల్‌మెంట్ ఒప్పుకోకపోవడమే మేలు. డబ్బు కూడాక ఒకేసారి అడగొచ్చు.

కేసు ఇప్పటికే కోర్టులోనో ఆర్బిట్రేటర్ దగ్గరో ఉంటే దాన్ని ఉపసంహరించుకుంటామన్న మాటా ఆ ఉత్తరంలో ఉండాలి.

డబ్బు నేరుగా కార్డు నంబరుకో లోన్ ఖాతాకో వెళ్లాలి. ఏజెంటు సొంత యూపీఐకి, అతని ఫోన్ నంబరుకు, నగదుగా చేతికి ఇవ్వకూడదు. "సిస్టమ్ డౌన్‌లో ఉంది, నా నంబరుకు వేయండి, నేను జమ చేస్తా" అన్నాడంటే అక్కడితో ఆ సంభాషణ ఆపేయాలి. కట్టాక బ్యాంకు నుంచి నో డ్యూస్ సర్టిఫికెట్ (బాకీ ఏమీ లేదన్న పత్రం) తీసుకోవాలి. ఆ ఉత్తరం, సర్టిఫికెట్, చెల్లింపు రుజువులు పారేయకండి. నాలుగేళ్ల తర్వాత ఇంకో ఏజెన్సీ మిగతా 1,21,000 కోసం ఫోన్ చేసినప్పుడు కాపాడేవి అవే.

సిబిల్‌లో ఏం పడుతుంది

"సిబిల్ కూడా క్లియర్ చేయిస్తాం సార్" అన్న మాట నమ్మొద్దు. తగ్గించి కట్టిన ఖాతా రిపోర్టులో 'సెటిల్డ్' అని పడుతుంది, 'క్లోజ్డ్' అని కాదు. అసలు మొత్తం కట్టి వడ్డీ మాత్రమే మాఫీ చేయించుకున్నా మామూలుగా అదే మాట. రేపు ఇంటి లోను ఇచ్చే బ్యాంకు ఆ మాటను "ఇతను ఒకసారి పూర్తిగా కట్టలేదు" అని చదువుతుంది. నెలనెలా ఎన్ని రోజులు ఆలస్యమైందన్న చరిత్ర రిపోర్టులో 36 నెలలది కనిపిస్తుంది. సమాచారాన్ని కనీసం ఏడేళ్లు ఉంచాలన్నది క్రెడిట్ సమాచార సంస్థలకున్న నిబంధన. పైగా రాజీ చేసుకున్న రుణగ్రహీతకు, వ్యవసాయ రుణాలు మినహా, అదే సంస్థ మళ్లీ అప్పు ఇవ్వాలంటే కనీసం 12 నెలలు ఆగాలని 2023 ఆదేశం.

అయినా ఎన్‌పీఏగా, రైటాఫ్‌గా ఏళ్ల తరబడి వేలాడే ఖాతా కన్నా సెటిల్డ్ ఖాతా నయం. ఇంకో వెసులుబాటు ఉంది: చేతిలో డబ్బు ఆడాక బ్యాంకును సంప్రదించి, వదిలేసిన మొత్తాన్ని కట్టి, 'క్లోజ్డ్'గా మార్చమని అడగొచ్చు. చాలా బ్యాంకులు ఒప్పుకుంటాయి. రెండు మూడేళ్లలో ఇల్లు కొనే ఆలోచన ఉన్నవాళ్లు బేరం చేసేటప్పుడే దీన్ని లెక్కలో పెట్టుకుంటే మంచిది. తగ్గింపు చిన్నదైతే అప్పుడు సెటిల్‌మెంట్‌కే వెళ్లకపోవచ్చు.

కట్టిన రెండు నెలల తర్వాత రిపోర్టు తీసి చూడండి. సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫ్యాక్స్, క్రిఫ్ హై మార్క్ నాలుగూ ఏడాదికి ఒక పూర్తి రిపోర్టు ఉచితంగా ఇవ్వాలి. బాకీ సున్నా అని కాక ఇంకా 1,21,000 అని కనిపిస్తే, సెటిల్‌మెంట్ ఉత్తరం, నో డ్యూస్ జతచేసి ఆ సంస్థకు ఆన్‌లైన్‌లో ఫిర్యాదు పెట్టండి. 30 రోజుల్లో సరిచేయకపోతే ఆ తర్వాత ఆలస్యమైన ప్రతి రోజుకూ 100 రూపాయల పరిహారం మీకు రావాలి. 2024 ఏప్రిల్ 26 నుంచి ఈ నిబంధన అమల్లో ఉంది. ఫిర్యాదులో ఆ మాట కూడా ఒక వాక్యంగా రాయండి, పని కాస్త తొందరగా కదులుతుంది.